మొదటి గేమింగ్ పీసీ: షాపుకెళ్లే ముందు ఒక కాగితం నింపండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మనం సీటీసీ అనే చోటికి, వెళ్తే మొదట ఎదురయ్యే ప్రశ్న "బడ్జెట్ ఎంత సార్?" నా మొదటి సిస్టమ్ కొనడానికి వెళ్లినప్పుడు ఆ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పాను. అక్కడే దెబ్బతిన్నాను. పావుగంటలో కొటేషన్ చేతికొచ్చింది, సాయంత్రానికి డబ్బాలన్నీ ఆటోలో ఇంటికొచ్చాయి, రాత్రి పదకొండింటికి తెలిసింది ఆట బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు, అన్నీ బిగించే పెట్టెలో, అంటే క్యాబినెట్‌లో, పట్టదని. బొటనవేలి వెడల్పంత పొడవు ఎక్కువ. కార్డు మంచిదే, క్యాబినెట్టూ మంచిదే. ఆ రెండూ ఒకదాంట్లో ఒకటి పడతాయా అని అమ్మినాయన చూడలేదు, నేనూ అడగలేదు. మర్నాడు ఖాళీ క్యాబినెట్‌ని ఒళ్లో పెట్టుకుని మళ్లీ అదే దారిన ఆటోలో వెళ్లాను.

ఆ తర్వాత చుట్టాలకీ స్నేహితులకీ చాలా సిస్టమ్‌లే బిగించిపెట్టాను. ఇప్పుడు పద్ధతి ఒకటే. డబ్బు మాట ఎత్తే ముందు ఒక తెల్లకాగితం మీద పది, పన్నెండు అంకెలు రాసుకుంటాను. ఒక్కో అంకె తర్వాతి భాగాన్ని తేలుస్తుంది. ఆ కాగితం నిండాక ఏ షాపులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా పెద్ద తేడా ఉండదు. మీరూ ఒక కాగితం తీసుకోండి. ఉదాహరణకి ఒక సిస్టమ్‌ని మొదటి నుంచి చివరిదాకా కలుపుకుంటూ వెళ్దాం: ఏఎండీ రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు (భాగాలన్నీ తగిలించే ప్రధాన పలక), రేడియాన్ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ గ్రాఫిక్స్ కార్డు. మీరు ఎంచుకునేవి వేరైనా ఇదే వరసలో వెళ్లండి.

1. ముందు మానిటర్ రాయండి

అందరూ ప్రాసెసర్‌తో మొదలుపెడతారు. మీరు మానిటర్‌తో మొదలుపెట్టండి. కార్డు ఎంత కష్టపడాలో చెప్పేది అదే. ఇంట్లో ఉన్న పాత 60 హెర్ట్జ్ (సెకనుకి 60 సార్లు తెర మారే) మానిటర్‌నే వాడబోతుంటే, సెకనుకి రెండొందల ఫ్రేములు (బొమ్మలు) ఇచ్చే కార్డు కొన్నా మీ కంటికి కనిపించేది అరవయ్యే.

ఆడబోయే ఆటలు కూడా పక్కనే రాయండి. వాలరెంట్, కౌంటర్ స్ట్రయిక్ లాంటివే ఆడతానంటే ఆ ఆటలకి కార్డు కన్నా ప్రాసెసర్ ముఖ్యం. సైబర్‌పంక్ లాంటి భారీ ఆటలు కళ్లు చెదిరేలా చూడాలంటే డబ్బు కార్డు మీద పెట్టాలి. 1080పీ (పైనుంచి కిందికి 1080 చుక్కల వరసలున్న) 144 హెర్ట్జ్ మానిటర్‌కి మధ్యతరగతి కార్డు చాలు. 1440పీ అయితే కార్డు మెమరీ 8 జీబీ దగ్గర ఆగిపోకండి. కొత్త ఆటల్లో టెక్స్చర్లు (వస్తువుల పైపూత బొమ్మల నాణ్యత) పెంచగానే అది నిండిపోయి, ఆట నడుస్తూ నడుస్తూ తడబడుతుంది. అందుకే మన ఉదాహరణలో 16 జీబీ రకాన్ని తీసుకున్నాను.

2. కార్డు గురించి నాలుగు అంకెలు

పొడవు ఎన్ని మిల్లీమీటర్లు, మందం ఎన్ని స్లాట్లు (క్యాబినెట్ వెనక ఎన్ని గాళ్లు ఆక్రమిస్తుంది), ఎన్ని వాట్లు, ఏ పవర్ కనెక్టర్. ఈ నాలుగూ రాసుకోండి.

ఇక్కడ చాలామంది పొరపాటు పడేది ఒకటుంది. 9060 ఎక్స్‌టీ అనేది చిప్ పేరు. దాని మీద కార్డు తయారుచేసే కంపెనీలు చాలా ఉన్నాయి. ఒకే చిప్‌తో రెండు ఫ్యాన్ల పొట్టి కార్డూ ఉంటుంది, మూడు ఫ్యాన్ల పొడుగు కార్డూ ఉంటుంది. ఒకటి 200 మిల్లీమీటర్ల పైచిలుకు, ఇంకొకటి 300 దాటేది. కాబట్టి చిప్ పేరు రాసుకుంటే సరిపోదు. మీరు కొనబోయే కార్డు పూర్తి మోడల్ పేరు పట్టుకుని, దాన్ని తయారుచేసిన కంపెనీ పేజీలో కొలతలు చూడండి. నేను ఒళ్లో క్యాబినెట్‌తో ఆటో ఎక్కింది ఇది తెలియకే.

9060 ఎక్స్‌టీ 16 జీబీకి ఏఎండీ చెప్పే వాడకం 160 వాట్లు. పోటీగా ఉండే ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5060కి 145 వాట్లు, మెమరీ 8 జీబీ. రెండింటికీ ఎక్కువ మోడళ్లలో ఒక 8 పిన్ కనెక్టర్ సరిపోతుంది. పెద్ద ఎన్‌విడియా కార్డులకైతే 16 పిన్‌ల సన్న కనెక్టర్ ఉంటుంది. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చినప్పుడు ఆ కనెక్టర్లు కరిగిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. పూర్తిగా లోపలికి దిగకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. తర్వాత దాన్ని 12వీ-2×6 పేరుతో సవరించారు. మీ కార్డుకి అదే ఉంటే, ఆ కేబుల్ నేరుగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ (భాగాలకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై) కొనండి, చివరిదాకా దిగిందో లేదో టార్చి వేసి చూడండి.

ఇంకో చిన్న సంగతి. ఆర్‌టీఎక్స్ 5060, ఆర్‌టీఎక్స్ 4060 లాంటివి చూడ్డానికి పొడుగు స్లాట్‌లో కూర్చున్నా లోపల వాడుకునేది ఎనిమిది లేన్లే (డేటా దారులే). కొత్త బోర్డులో దానివల్ల ఇబ్బందేమీ లేదు. కార్డు స్లాట్ పాత తరం పీసీఐఈ 3.0 అయిన బోర్డులో పెడితే మాత్రం దారి ఇరుకై, మెమరీ నిండే ఆటల్లో వేగం తగ్గుతుంది. పాత సిస్టమ్‌కి కార్డు ఒక్కటే మారుద్దామనుకునేవాళ్లు ఈ సంగతి చూసుకోండి. 9060 ఎక్స్‌టీకి పదహారు లేన్లూ ఉన్నాయి.

3. ప్రాసెసర్, దాని సాకెట్

ప్రాసెసర్ పేరు పక్కన సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) పేరు రాయండి. అది రాశారంటే మదర్‌బోర్డు వెతుకులాట సగం అయిపోయినట్టే. ఇప్పుడు షాపుల్లో కొత్తగా దొరికేవి ముఖ్యంగా నాలుగు సాకెట్లు.

ఏఎం4: 2017లో తొలి రైజెన్‌లతో జనంలోకి వచ్చింది, ర్యామ్ (పని నడిచేటప్పుడు డేటా ఉంచుకునే మెమరీ) రకం డీడీఆర్4. రైజెన్ 5 5600 ఇంకా చవకైన గేమింగ్ సిస్టమ్‌లకి ఊపిరి. ఏఎం5: 2022 సెప్టెంబరులో రైజెన్ 7000 వరసతో వచ్చింది, డీడీఆర్5 మాత్రమే. ఎల్‌జీఏ1700: ఇంటెల్ 12, 13, 14వ తరాలకి, ఇందులో బోర్డుని బట్టి డీడీఆర్4 అయినా డీడీఆర్5 అయినా ఉండొచ్చు. ఎల్‌జీఏ1851: 2024 అక్టోబరులో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 200 వరసకి, డీడీఆర్5 మాత్రమే.

ఒక సాకెట్ ప్రాసెసర్ ఇంకో సాకెట్‌లో పట్టదు. "ఎలాగోలా పట్టిద్దాం" అనుకున్నారో పిన్నులు వంగుతాయి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కి ఉంటాయి, ఏఎం5లోనూ ఇంటెల్‌లోనూ బోర్డుకి ఉంటాయి. బోర్డు పిన్ను వంగిందంటే వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

నన్నడిగితే, చేతిలో కాస్త డబ్బుండి నాలుగైదేళ్లు వాడాలనుకునేవాళ్లకి ఏఎం5 మంచిది. ఆ సాకెట్‌ని 2027 దాకా, ఆపైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చి బోర్డు, ర్యామ్ అలాగే ఉంచుకోవచ్చు. అయితే 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లన్నీ ఎగరేసుకుపోతుండడంతో ర్యామ్ ధరలు మండిపోయాయి. మీ దగ్గర పాత డీడీఆర్4 ర్యామ్ ఇప్పటికే ఉంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఏఎం4లో 5600గానీ, డీడీఆర్4 బోర్డుతో ఇంటెల్ ఐ5-12400ఎఫ్‌గానీ తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

పేరు చివర అక్షరాలు కూడా చదవండి. ఇంటెల్‌లో "ఎఫ్" ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. ఏఎం4లో "జీ" ఉన్నవాటికే గ్రాఫిక్స్ ఉంటాయి, 5600కి లేవు. ఏఎం5లో 7600కి చిన్నపాటి గ్రాఫిక్స్ ఉన్నాయి, 7500ఎఫ్‌కి లేవు. ఆటలకి అవి పనికిరావు గానీ, ఎప్పుడైనా కార్డు సర్వీసుకి పోయినప్పుడు తెర మీద బొమ్మయినా వస్తుంది, తేడా కార్డుదో బోర్డుదో కూడా తెలుస్తుంది. మొదటిసారి బిగించేవాళ్లకి ఈ సౌకర్యం మీద నాలుగు రూపాయలు పెట్టమంటాను.

డబ్బాలో ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ వస్తుందా అన్నదీ ఇక్కడే రాసుకోండి. 7600తో వస్తుంది. 9600ఎక్స్‌తోనూ, ఇంటెల్ "కే" రకాలతోనూ రాదు. ఇంటికొచ్చాక తెలిస్తే ఆ రాత్రికి ఆటలేదు.

4. మదర్‌బోర్డు: సాకెట్ కలిసినా బయోస్ కలవాలి

మొదటిసారి కొనేవాళ్లు బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మదర్‌బోర్డులో బయోస్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటుంది. బోర్డు ఫ్యాక్టరీ దాటిన రోజుకి ఏ ప్రాసెసర్లు మార్కెట్లో ఉన్నాయో అవే దానికి తెలుసు. ఆ తర్వాత వచ్చిన ప్రాసెసర్ పెడితే, సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద మాత్రం ఏమీ రాదు. షాపు అరలో రెండేళ్లుగా ఉన్న బీ650 బోర్డులో 2024లో వచ్చిన రైజెన్ 9000 వరస ప్రాసెసర్ పెట్టినా, 12వ తరం నాటి బీ660 బోర్డులో 14వ తరం ఇంటెల్ పెట్టినా, పాత బీ450లో రైజెన్ 5000 పెట్టినా జరిగేది ఇదే.

ఇలా చూసుకోండి. బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేజీకి వెళ్లి, సపోర్ట్ అన్న చోట ప్రాసెసర్ల జాబితా తెరవండి. మీ ప్రాసెసర్ పేరు పక్కన ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో ఉంటుంది. ఆ వెర్షన్ నంబర్ కాగితం మీద రాసుకోండి. షాపులో "ఈ డబ్బాలో బయోస్ ఎంత ఉంది, అప్‌డేట్ చేసి ఇస్తారా?" అని అడగండి. చాలాచోట్ల చేసిస్తారు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తుంటే, వెనకవైపు బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు తీసుకోండి. పెన్‌డ్రైవ్‌ని ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసి, ఫైల్ వేసి, ఆ బటన్ నొక్కితే ప్రాసెసర్ లేకుండానే బయోస్ మారుతుంది. మన ఉదాహరణలోని 7600కి ఈ తలనొప్పి లేదు. బీ650 పుట్టిందే 7000 వరసతో పాటు. ఇంటెల్ 13, 14వ తరాల్లో పెద్ద ప్రాసెసర్లు తీసుకునేవాళ్లు ఇంకో కారణానికి కూడా కొత్త బయోస్ వేసుకోవాలి: వాటిలో కొన్ని అధిక వోల్టేజీ వల్ల పాడవుతున్నాయని తేలి, 2024లో ఇంటెల్ సవరణలు ఇచ్చింది.

చిప్‌సెట్ పేరు (బోర్డు తరగతిని చెప్పే బీ650 లాంటిది) గురించి ఎక్కువ మథనపడొద్దు. ఏఎండీలోనూ ఇంటెల్‌లోనూ "బీ" తరగతి మామూలు గేమింగ్‌కి నిండుగా సరిపోతుంది. "ఎక్స్", "జెడ్" తరగతులకి పోసే డబ్బు కార్డు మీద పెడితే ఆటలో కనిపిస్తుంది. మరీ చవకైన హెచ్610లో ర్యామ్ స్లాట్లు రెండే, ర్యామ్ వేగం పెంచుకోనివ్వదు.

బోర్డు సైజు కూడా రాయండి: ఏటీఎక్స్ అంటే 305×244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ అంటే 244×244. వైఫై ఉందో లేదో చూడండి. ఒకే పేరుతో వైఫై ఉన్నదీ లేనిదీ రెండూ అమ్ముతారు, తేడా డబ్బా మీద ఒక్క మాటే. రూటర్ హాల్లో, సిస్టమ్ బెడ్‌రూమ్‌లో ఉండే ఇళ్లలో ఆ ఒక్క మాటే పెద్ద తేడా.

5. ర్యామ్

డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే, కానీ మధ్యలో ఉండే గాడి వేరే చోట ఉంటుంది. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. ఎల్‌జీఏ1700 బోర్డు కొనేవాళ్లు పేరు చివర "డీ4" లాంటి గుర్తుందేమో రెండుసార్లు చూడండి. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, డెస్క్‌టాప్‌కి పనికిరాదు. ఆన్‌లైన్‌లో చవకగా కనిపించిందని ఎస్‌ఓడిమ్ అన్నది తెప్పించుకున్నవాళ్లని చూశాను.

రెండు కర్రలు (ర్యామ్ పలకలు) ఒకే ప్యాక్‌లో తీసుకోండి. 16 జీబీ ఒక్కటి కన్నా 8 జీబీలు రెండు మేలు. రెండు దారుల్లో డేటా వెళ్తుంది కాబట్టి ఆటల్లో ఫ్రేములు బాగా పెరుగుతాయి. మన సిస్టమ్‌కి డీడీఆర్5-6000 (6000 అన్నది వేగం), సీఎల్30 (స్పందించడంలో ఆలస్యం, తక్కువైతే మేలు), 16 జీబీలు రెండు. రైజెన్ 7000 వరసకి ఆ వేగం బాగా పొసుగుతుంది, అంతకు మించి పోసే డబ్బుకి దక్కేది తక్కువ. ర్యామ్ ధర భయపెడితే 8 జీబీలు రెండుతో మొదలుపెట్టండి. కానీ తర్వాత ఇంకో రెండు కలుపుదామనుకోకండి. డీడీఆర్5లో నాలుగు కర్రలు పెడితే వేగం పడిపోతుంది. మార్చే రోజున జతనే మార్చుకోవాలి.

6. ఎస్‌ఎస్‌డీ

విండోస్, ఆటలు దాచుకునే డ్రైవ్ ఇది, ఎంచుకోవడం తేలిక. ఎం.2 ఎన్‌వీఎంఈ (బోర్డుకే నేరుగా తగిలించే వేగమైన రకం), 2280 సైజు, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. పీసీఐఈ 4.0 చాలు, 5.0 వాటికి అయ్యే ఖర్చు ఆటల్లో తిరిగిరాదు. 1 టీబీ కన్నా తక్కువ కొనకండి, ఇప్పటి పెద్ద ఆట ఒక్కటే వంద జీబీ దాటుతోంది. చూసుకోవాల్సినవి రెండు: ఎం.2 ఆకారంలో ఉండి లోపల సాటా (పాత, నెమ్మది రకం) అయినవి కొన్ని స్లాట్లలో పనిచేయవు. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్ వాడితే కొన్ని సాటా పోర్టులు ఆగిపోతాయి. పాత హార్డ్‌డిస్క్ తగిలిద్దామనుకునేవాళ్లు బోర్డు మాన్యువల్‌లో ఆ పేజీ చదవండి.

7. ఎస్‌ఎంపీఎస్: కొసరుకి రాకూడని భాగం

"క్యాబినెట్‌తో ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ సార్" అన్నారంటే అక్కడే ఒక దండం పెట్టండి. లోపల ఉన్న అన్ని భాగాలకీ కరెంటు పెట్టేది అదే. అది పోతే ఒంటరిగా పోదు, ఒక్కోసారి పక్కవాళ్లని కూడా తీసుకుపోతుంది.

లెక్క కాగితం మీదే వేద్దాం. 7600ని 65 వాట్ల ప్రాసెసర్ అంటారు గానీ, పూర్తి బరువు మీద పడితే 88 వాట్ల దాకా తీసుకుంటుంది. కార్డు 160. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకి కలిపి ఓ 50 వేయండి. మొత్తం మూడొందలకి రెండు తక్కువ. కార్డులు కనురెప్పపాటు కాలం చెప్పినదానికన్నా చాలా ఎక్కువ గుంజుతాయి కాబట్టి కాస్త ఖాళీ ఉండాలి. 550 వాట్లు సరిపోతాయి, రేపు పెద్ద కార్డు పెట్టే ఆలోచన ఉంటే 650. "సేఫ్టీకి 850 తీసుకోండి" అంటే ఈ కాగితం చూపించండి.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనే ముద్రలు నాణ్యతకి గుర్తని చాలామంది నమ్ముతారు. అవి చెప్పేది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత పనికొస్తోంది, ఎంత వేడిగా పోతోంది అన్నదే. బ్రాంజ్ అయితే సగం లోడ్ మీద కనీసం 85 శాతం. లోపలి కెపాసిటర్లు, రక్షణ సర్క్యూట్లు ఎలాంటివో ఆ ముద్ర చెప్పదు. దానికి వారంటీ ఏళ్లు చూడండి. అయిదేళ్లు, అంతకు మించి ఇస్తున్నాడంటే తన సరుకు మీద తనకి నమ్మకముందని. మోడల్ పేరుతో విడదీసి పరీక్షించిన సమీక్షలు ఉన్నాయేమో కూడా చూడండి.

కనెక్టర్లు లెక్కపెట్టండి. ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్ కేబుల్ నాలుగు, నాలుగుగా విడిపోతుంది. కార్డుకి వెళ్లేది ఆరు, రెండుగా విడిపోతుంది. చూపుకి ఒకటే, లోపలి అమరిక వేరు. ఒకదానిలో ఒకటి బలవంతంగా నొక్కకండి. విడదీసే కేబుళ్లున్న మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే, పాతదాని కేబుళ్లు కొత్తదానికి ఎప్పుడూ తగిలించొద్దు. కంపెనీకో రకంగా, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కో రకంగా పిన్నుల వరస మారుతుంది. ప్లగ్ చక్కగా దిగుతుంది, స్విచ్ వేయగానే హార్డ్‌డిస్క్ కాలుతుంది.

యూపీఎస్ మాట కూడా ఇక్కడే. మన ఊళ్లలో కరెంటు సంగతి తెలిసిందే కదా. ఇంట్లో ఉన్న 600 వీఏ యూపీఎస్ చాలనుకుంటారు. దాని మీద చిన్న అక్షరాల్లో 360 వాట్లని ఉంటుంది. మన సిస్టమ్ లోపల వాడేది మూడొందలు, ఎస్‌ఎంపీఎస్‌లో వేడిగా పోయేది కలిపితే గోడ దగ్గర 350, మానిటర్‌కి ఇంకో 30. ఆట మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కీచుమని సిస్టమ్‌తో సహా పడుకుంటుంది. 1000 వీఏ, 600 వాట్ల రకం తీసుకోండి. అది కూడా ఆట ఆపి షట్‌డౌన్ చేసుకోవడానికే, ఆడుతూ కూర్చోడానికి కాదు. ఎర్తింగ్ కూడా చూసుకోండి. క్యాబినెట్ ఇనుము మీద చెయ్యి పెడితే జిల్లుమంటోందంటే ఆ ప్లగ్‌కి ఎర్త్ లేదని. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, తర్వాత కార్డు పెట్టండి.

8. క్యాబినెట్, కూలర్: టేపు పని

ఇప్పుడు కాగితం వెనక్కి తిప్పండి. క్యాబినెట్ కంపెనీ పేజీలో మూడు కొలతలు ఉంటాయి: కార్డు ఎంత పొడవు పడుతుంది, కూలర్ ఎంత ఎత్తు పడుతుంది, ఏ సైజు బోర్డు పడుతుంది. మీ అంకెల పక్కన అవి రాయండి. కార్డుకి కనీసం రెండు, మూడు సెంటీమీటర్లు మిగలాలి. ముందువైపు వాటర్ కూలర్ రేడియేటర్ పెడితే, ఫ్యాన్‌తో కలిపి అయిదు సెంటీమీటర్లకి పైగా అది మింగేస్తుంది, ఆ మేరకి కార్డు చోటు తగ్గుతుంది. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్లు 150, 160 ఎత్తు వరకు ఉంటాయి. సన్న క్యాబినెట్‌లో పక్క అద్దం మూతపడదు. టవర్ కూలర్ కింద ఎత్తైన లైట్ల ర్యామ్ పడుతుందా అన్నదీ చూసుకోండి. 7600తో వచ్చే కూలర్ పొట్టిది, దేనికీ అడ్డురాదు, ఆటలకి సరిపోతుంది. శబ్దం ఇబ్బందనిపిస్తే తర్వాత మార్చుకోవచ్చు. ఏఎం4 కూలర్లు ఏఎం5కి చాలావరకు పడతాయి, ఎల్‌జీఏ1200 నాటి పాత కూలర్‌కి మాత్రం ఎల్‌జీఏ1700 బిగింపు విడిగా కావాలి.

ముందువైపు మొత్తం అద్దం ఉన్న క్యాబినెట్లు ఫొటోల్లో అందంగా ఉంటాయి. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని గదిలో పెట్టి చూడండి. గదే నలభై డిగ్రీలుంటే లోపలికి గాలి పీల్చుకునే దారి కూడా లేకపోతే కార్డు ఏం చేస్తుంది, వేగం తగ్గించుకుంటుంది. ముందు జల్లెడలా మెష్ ఉన్నది, ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. ఇది చాలు. దుమ్ము ఫిల్టర్ తీసి కడుక్కునేలా ఉంటే ఇంకా మంచిది.

9. కాగితంతో షాపుకి

ఇంటి నుంచి బయల్దేరేముందు పీసీపార్ట్‌పికర్ వెబ్‌సైట్‌లో దేశం ఇండియాగా పెట్టి మీ జాబితా చేర్చి చూడండి. సాకెట్ కలవకపోయినా, కార్డు పొడవు మించినా హెచ్చరిస్తుంది, వాట్ల లెక్క కూడా వేస్తుంది. అయితే షాపు అరలో ఉన్న ఆ డబ్బాలో బయోస్ ఎంత పాతదో దానికెలా తెలుస్తుంది? ఆ ప్రశ్న మీరే అడగాలి.

షాపులో "అది స్టాక్ లేదు సార్, ఇది తీసుకోండి, సేమ్ టు సేమ్" అన్న మాట తప్పక వినిపిస్తుంది. అది నిజం కావచ్చు కూడా. అప్పుడు డబ్బు కట్టకముందే ఫోన్లో ఆ కొత్త మోడల్ పేజీ తెరిచి, దాన్ని తాకే అంకెలన్నీ మళ్లీ సరిచూడండి. కార్డు మారితే పొడవు, వాట్లు, కనెక్టర్. బోర్డు మారితే ర్యామ్ రకం, సైజు, బయోస్, వైఫై. మొహమాటపడకండి, అయిదు నిమిషాలు వాళ్లు ఆగుతారు.

జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా 18 శాతం తగ్గిస్తామంటారు. రెండేళ్ల తర్వాత కార్డు పోయిన రోజున ఆ తగ్గింపు గుర్తొస్తుంది. బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించండి. డబ్బా మీద దిగుమతిదారు పేరు, ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కర్ ఉందో చూడండి. అది లేని సరుకుకి ఇక్కడి సర్వీస్ సెంటర్లో వారంటీ దొరక్కపోవచ్చు. ప్రాసెసర్‌ని డబ్బా లేకుండా "ట్రే పీస్" అని చవకగా ఇస్తే, వారంటీ కంపెనీది కాదు, ఆ షాపుదే. ఆ షాపు మూడేళ్ల తర్వాత అక్కడే ఉంటుందా అన్నది మీరు వేసుకోవాల్సిన లెక్క.

10. ఇంటికొచ్చాక

క్యాబినెట్‌లో బిగించే ముందు, బోర్డు డబ్బా అట్ట మీదే బోర్డు పెట్టి ప్రాసెసర్, కూలర్, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్‌తో ఒకసారి వెలిగించి చూడండి. 7600 లాంటి గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ అయితే దీనికి కార్డు కూడా అక్కర్లేదు. నాలుగు స్లాట్ల బోర్డు అయితే ర్యామ్ కర్రలు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండో, నాలుగో స్లాట్లలో. ఏఎం5లో మొదటిసారి స్విచ్ వేసినప్పుడు తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది. ర్యామ్‌ని అది పరీక్షించుకుంటోంది. కంగారుపడి స్విచ్ తీసేయకండి. లేచి టీ పెట్టుకుని రండి.

క్యాబినెట్‌లో బోర్డు కింద వచ్చే ఇత్తడి స్టాండ్‌ఆఫ్‌లు బోర్డు కన్నాలున్న చోటే ఉండాలి. అవసరం లేని చోట ఒకటి మిగిలిపోతే బోర్డు వెనక తాకి షార్ట్ అవుతుంది.

బొమ్మ వచ్చాక బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో ఆన్ చేయండి, ఇంటెల్‌లో ఎక్స్‌ఎంపీ అంటారు. అది చేయకపోతే 6000 అని డబ్బు పోసిన ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. చాలామంది సిస్టమ్‌లలో ఇదే జరుగుతోంది, వాళ్లకి తెలియదు కూడా. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రత సెట్టింగులు రెండూ ఆన్‌లో ఉండాలి. అవీ ఇక్కడే ఉంటాయి.

అంతా బిగించాక ఆట పెడితే పదిహేను ఫ్రేములే వస్తున్నాయంటారా? వెనక్కి వంగి మానిటర్ కేబుల్ చూడండి. బోర్డుకి ఉన్న హెచ్‌డీఎంఐలో పెట్టుంటారు. తీసి, కింద కార్డుకి పెట్టండి.